డిమెన్షియా పరిశోధనలో మన అవ్వ ఎక్కడ?

2007లో కెనడాలోని టొరంటో నుంచి ఒక పరిశోధన ఫలితం వెలువడింది. జీవితమంతా రెండు భాషలు వాడినవారిలో డిమెన్షియా లక్షణాలు, ఒకే భాషతో గడిపినవారి కంటే సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని ఎలెన్ బియాలిస్టాక్ బృందం చెప్పింది. ఏ మందూ ఇవ్వలేని నాలుగేళ్లు భాష ఇస్తోందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే అందులో ఒక పీటముడి ఉంది. టొరంటోలో రెండు భాషలు మాట్లాడేవారిలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. ఊరు వదిలి, సముద్రం దాటి, కొత్త చోట నిలదొక్కుకున్నవారు మొదటి నుంచీ గట్టి మనుషులై ఉండొచ్చు. మరి మెదడును కాపాడింది రెండో భాషా, వలస వెళ్లగలిగిన ఆ దారుఢ్యమా? టొరంటోలో ఎంతమందిని పరీక్షించినా ఈ ముడి విడటం కష్టం. అక్కడ ఆ రెండూ ఎక్కువగా కలిసే ఉంటాయి.

అవి విడివిడిగా దొరికే ఊరు హైదరాబాద్. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడటానికి ఇక్కడ ఎవరూ వలస రానక్కర్లేదు. పుట్టి పెరిగిన గల్లీలోనే రెండు మూడు భాషలు నోటికొస్తాయి. బడి ముఖం చూడనివారికీ వస్తాయి. నిమ్స్ ఆసుపత్రిలో మెమరీ క్లినిక్ నడిపిన నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలను పరిశీలించారు. వారిలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవారు. వీరిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల వచ్చిన తేడా ఏమో అనుకుంటే, అసలు చదువుకోని వారిలోనూ అదే ధోరణి కనిపించింది. అక్కడ తేడా ఇంకా ఎక్కువ, సుమారు ఆరేళ్లు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఈ పరిశోధన ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ తేడా కనిపించలేదు కాబట్టి వాదన ఇంకా ముగియలేదు. కానీ ఆ వాదన ముందుకు కదిలింది మాత్రం, చదువురాని ఒక హైదరాబాదీ ఉర్దూలో బేరమాడి తెలుగులో పిల్లల్ని కోప్పడటం వల్లే.

డిమెన్షియా పరిశోధనలో రకరకాల మనుషులు ఉండాలి అన్న మాట వినగానే చాలామంది దాన్ని న్యాయం కోసమో, దయతోనో చేసే పనిగా అనుకుంటారు. న్యాయం సంగతి నిజమే. అంతకుముందే అది శాస్త్రానికి సంబంధించిన అవసరం. ఒకే రకం మనుషులను చూసినంతకాలం కొన్ని ప్రశ్నలకు జవాబే రాదు. రాకపోగా తప్పు జవాబు సరైనదిగా చలామణి అవుతుంది.

ఈ కొరత ఎంత పెద్దదో ఒక పరిశోధక బృందం పేరులోనే ఉంది. 1998లో కొచ్చిలో జరిగిన సమావేశంలో ‘10/66 డిమెన్షియా పరిశోధన బృందం’ ఏర్పడింది. డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం మంది పేద, మధ్యాదాయ దేశాల్లో ఉంటే, జనంలోకి వెళ్లి చేసిన పరిశోధనల్లో ఆ దేశాలకు దక్కింది పది శాతం కంటే తక్కువ. ఆ రెండు అంకెలే వారి పేరు. మార్టిన్ ప్రిన్స్ నడిపించిన ఈ బృందం మన దేశంలో చెన్నై, వెల్లూరు ప్రాంతాల్లోనూ పనిచేసింది.

నిమ్స్ పరిశోధనకు కూడా ఒక హద్దు ఉంది. అది పంజాగుట్టలోని ఆసుపత్రి దాకా రాగలిగినవారిది. అక్కడికి రావాలంటే ముందు ఇంట్లో ఎవరో ఒకరు తేడా గమనించాలి. గమనించి అది జబ్బని అనుకోవాలి. ఒకరోజు కూలి వదులుకుని వెంట రావాలి. మన ఇళ్లలో తాత అడిగిందే అడుగుతుంటే చాదస్తం అంటాం. అవ్వ వంటింట్లో ఉప్పు డబ్బా ముందు నిలబడి దేనికొచ్చానా అని ఆలోచిస్తుంటే పెద్దతనం అంటాం. అక్కడితో ఆ కథ ముగుస్తుంది. ఆసుపత్రి రిజిస్టరులోకి ఎక్కని ఈ మనుషుల దగ్గరికి పరిశోధనే నడిచి వెళ్లాలి.

వెళ్లాక మొదట అడ్డుపడేది ప్రశ్నపత్రం. మతి పరీక్షకు ప్రపంచమంతా వాడే ముప్ఫై మార్కుల చిన్న పరీక్షను 1975లో అమెరికాలో రూపొందించారు. ఈరోజు తేదీ ఎంత? వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్లండి, లేదా ఒక ఇంగ్లీషు మాటను వెనక నుంచి అక్షరాలు కూర్చి చెప్పండి. ఒక వాక్యం రాయండి. ఒకదానిమీద ఒకటి పడిన ఈ రెండు పంచభుజాలను చూసి గీయండి. అనంతపురం జిల్లాలో ఎప్పుడూ పెన్ను పట్టని ఒక అవ్వ ముందు ఈ కాగితం పెట్టి చూడండి. ఇంగ్లీషు తేదీ ఆమెకు ఎన్నడూ అవసరం రాలేదు. ఏ కార్తె నడుస్తోందో, అమావాస్య ఎన్ని రోజులుందో అడిగితే ఠక్కున చెబుతుంది. మార్కులు మాత్రం పోతాయి. జబ్బు లేని మనిషికి జబ్బు ఉన్నట్టు తేలుతుంది. ఇంకో వైపు బాగా చదువుకున్న రిటైర్డ్ హెడ్‌మాస్టరుకు జబ్బు మొదలైనా, పాత చదువు బలంతో పూర్తి మార్కులు తెచ్చుకోగలడు. బొమ్మలు చూపి పేర్లు చెప్పించే మరో ప్రసిద్ధ పరీక్ష ‘ఏసీఈ’లో లంగరు, పెంగ్విన్, హార్ప్, అకార్డియన్ ఉన్నాయి. వాటిని ఎన్నడూ చూడనివారికి అది జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా అవుతుంది?

ఈ సమస్యను చేతల్లో ఎదుర్కొన్న ఒక చోటు హర్యానాలోని బల్లభ్‌గఢ్. 1990ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం మొనొంగహేలా లోయ ప్రజలతో పోల్చి ఇక్కడి పల్లెల్లో అధ్యయనం చేశారు. మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు ఆ పరీక్షను హిందీలోకి మార్చి ఊరుకోలేదు, ప్రతి ప్రశ్నా ఏ సామర్థ్యాన్ని కొలుస్తోందో చూసి, ఆ సామర్థ్యాన్ని చదువురాని రైతులో ఎలా కొలవాలో ఆలోచించారు. అక్షరాలు వెనక్కి కూర్చడానికి బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. ‘కళ్లు మూసుకోండి’ అని రాసిన చీటీ చదివించడానికి బదులు, ‘నన్ను చూసి నేను చేసినట్టు చేయండి’ అన్నారు. వాక్యం రాయమనడానికి బదులు, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు.

జబ్బును నిర్ధారించడంలో మరో ముఖ్య భాగం ఇంటివారిని అడిగే ప్రశ్నలు. ఇక్కడా అదే తంటా. బ్యాంకు చెక్కు రాయగలరా, కారు నడపగలరా అని అడిగితే మన పల్లెలో దాదాపు అందరూ తప్పుతారు. పైగా మన ఇళ్లలో పెద్దలు కూర్చున్న చోటికే కాఫీ వస్తుంది, కంచం వస్తుంది. ఏ పనీ చేయనక్కర్లేని మనిషి ఏ పని మరిచిపోయాడో ఎలా తెలుస్తుంది? అందుకే బల్లభ్‌గఢ్ బృందం భారతీయ జీవితానికి సరిపోయేలా రోజువారీ పనుల కొలమానాన్ని వేరుగా తయారు చేసుకుంది. ఇందులో నాకు ముఖ్యమనిపించే సంగతి ఇంకొకటి ఉంది. సర్వే వాళ్లు రాగానే ముందుకొచ్చి మాట్లాడేది కొడుకు. అత్తగారు ఎన్నిసార్లు తలుపు గడియ పెట్టడం మరిచిపోయిందో, చీర కట్టుకోవడంలో ఎక్కడ తికమకపడుతోందో తెలిసింది కోడలికి. ఆమెను వంటింట్లోంచి పిలిచి, మగవాళ్లు లేనిచోట కూర్చోబెట్టి అడిగిన బృందానికే సరైన సమాచారం దొరుకుతుంది.

మన భాషకూ ఇప్పుడు సరైన పరీక్ష ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో ఒక పరీక్షల సంపుటిని తయారు చేసి, వివిధ నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించి చూశారు.

ఇలా సరిచేసుకున్న పరీక్షలతో జనంలోకి వెళితే ఏం తేలుతుందో దేశవ్యాప్త అధ్యయనం ‘లాసీ-డాడ్’ చూపించింది. ఢిల్లీ ఎయిమ్స్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నడిపిన ఈ పనిలో 60 ఏళ్లు దాటిన నాలుగు వేల మందికి పైగా పాల్గొన్నారు. మన దేశంలో ఆ వయసువారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వెలువడింది. ఇంతకుముందు అనుకున్నదానికంటే అది చాలా ఎక్కువ. పట్టణాల్లో 5.3 శాతం ఉంటే పల్లెల్లో 8.4 శాతం. మగవారిలో ఆరు శాతం లోపు ఉంటే ఆడవారిలో తొమ్మిది శాతం. నగరంలోని పెద్ద ఆసుపత్రిలో ఎదురుచూసే వరుసను చూసి లెక్క వేసినవారికి ఈ బొమ్మ తలకిందులుగా కనిపించేది. చదువుకున్న పట్టణ పురుషుడి జబ్బుగా అది నమోదయ్యేది. బడికి పంపని ఆడపిల్లే అరవై ఏళ్ల తర్వాత ఈ లెక్కల్లో ఎక్కువగా తేలుతోంది. చిన్ననాటి చదువు లేకపోవడం, వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, వాయు కాలుష్యం వంటి 14 కారణాలను అదుపు చేస్తే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. ఈ 14లో ఏది ఎక్కడ ఎంత బరువో తేలాలంటే అక్కడి మనుషులు లెక్కలో ఉండాలి.

జన్యువుల సంగతీ అంతే. ఏపీఓఈ-4 అనే జన్యురూపం అల్జీమర్స్‌కు అతి ప్రసిద్ధమైన ముప్పు. బల్లభ్‌గఢ్‌లో అది ఉన్నవారు పెన్సిల్వేనియాలో కంటే తక్కువ. ఈ పల్లెల్లో జబ్బు కూడా తక్కువగానే కనిపించింది. అమెరికాలోని నల్లజాతివారిలో ఏపీఓఈ-4 ప్రభావం తెల్లవారిలో ఉన్నంత బలంగా లేదు. ఏబీసీఏ7 అనే వేరే జన్యువు వారిలో ఎక్కువ ప్రభావం చూపుతోందని 2013లో తేలింది. తెల్లవారినే చూసి ఉంటే ఆ సంగతి బయటపడేది కాదు. లాసీ-డాడ్‌లో రక్తమిచ్చినవారిలో 2,762 మంది పూర్తి జన్యుక్రమాన్ని చదివి 2025లో ‘సెల్’ పత్రికలో ప్రకటించారు. భారతీయుల జన్యువైవిధ్యాన్ని ఇంత విస్తారంగా చూపిన పని అరుదు. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకున్న సమాజంలో ఒక్కో సమూహానికి ఒక్కో ప్రత్యేకత ఉండటం సహజం. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్ కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ లోపం ఇతరులలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వారిలో కొందరికి ప్రమాదకరంగా మారుతుందని హైదరాబాద్ వైద్యులకు తెలిసిన విషయమే. అల్జీమర్స్‌కు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న రివాస్టిగ్మిన్ మందు పనిచేసేది కూడా కొంతవరకు ఈ ఎంజైమ్ మీదే. ఒక మందును ఎవరి మీద పరీక్షించారన్న ప్రశ్న ఎంత సూటిగా మన ఇంటి గడప దాకా వస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరి కొత్త మందులను ఎవరి మీద పరీక్షించారు? మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగించే లెకానెమాబ్‌ను 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించి, జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గిందని ప్రకటించారు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఆ పరీక్షలో నల్లజాతివారు నూటికి ముగ్గురు కూడా లేరు. డొనానెమాబ్ అనే మరో మందు పరీక్షలో 1,736 మంది పాల్గొంటే తొంభై శాతం పైగా తెల్లవారే. అమెరికాలో వృద్ధ నల్లజాతివారికి డిమెన్షియా వచ్చే అవకాశం తెల్లవారికంటే సుమారు రెట్టింపు అని అక్కడి అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. జబ్బు ఎవరికి ఎక్కువో వారే పరీక్షలో లేరు. దీనికి చాలా కారణాలున్నాయి. మధుమేహం, రక్తపోటు అదుపులో లేనివారిని పరీక్షలోకి తీసుకోరు. పరీక్షలో పాల్గొనే ప్రతి ఒక్కరి వెంట ఇంటి మనిషి ఒకరు ప్రతిసారీ రావాలి. రెండు ఉద్యోగాలు చేసుకుంటూ తల్లిని చూసుకునే కూతురికి అది కుదిరే పని కాదు. చేరడానికి ముందుకొచ్చిన నల్లజాతివారిలోనూ మెదడులో అమైలాయిడ్ తగినంత లేదని వెనక్కి పంపినవారి శాతం ఎక్కువ. బహుశా వారి మతిమరుపుకు మెదడు రక్తనాళాల జబ్బు వంటివి ఎక్కువ కారణమేమో. టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో మెక్సికన్ అమెరికన్లను దగ్గరగా చూసిన సిడ్ ఓబ్రయంట్ బృందం కూడా, వారిలో మధుమేహం, కుంగుబాటుతో జ్ఞాపకశక్తి క్షీణతకు ఉన్న సంబంధాన్ని చూపింది. మధుమేహం ఇంటింటా ఉన్న తెలుగు సమాజానికి ఇది దూరపు ముచ్చట కాదు.

అన్నిటికంటే లోతైన కారణం అపనమ్మకం. అలబామా రాష్ట్రంలోని టస్కేగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను వైద్యం చేయకుండా గమనిస్తూ ఉండిపోయింది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ జ్ఞాపకం మనవలకూ ఉంది. మనకూ ఒక జ్ఞాపకం ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు జరిగింది. వారిలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. అయినా సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకా కూడా ఆ సంతకాల వల్ల అనుమానం పాలైంది. రేపు భద్రాచలం వైపు ఒక పల్లెకు మతిమరుపు అధ్యయనం పేరుతో రక్తం తీసుకోవడానికి వెళితే, ముందుగా ఎదురయ్యేది ఆ జ్ఞాపకమే. అలా అనుమానించేవారిని అజ్ఞానులు అనడం అన్యాయం.

డిమెన్షియాలో సమ్మతికి ఇంకో చిక్కు ఉంది. ఈ ఏడాది అర్థం చేసుకుని వేలిముద్ర వేసిన మనిషికి మరో రెండేళ్లకు దేనికి వేశారో గుర్తుండకపోవచ్చు. అందుకే మంచి అధ్యయనాల్లో ప్రతిసారీ మళ్లీ వివరిస్తారు, ఇంటి మనిషి సమ్మతీ తీసుకుంటారు. కాగితం ఏం చెప్పినా, పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆరోజుకు సూది పక్కన పెడతారు.

నమ్మకం కుదరాలంటే ఎంత ఓపిక కావాలో చూడటానికి మనకు దగ్గరలోనే ఒక చోటు ఉంది. మదనపల్లె నుంచి పెద్ద దూరం కాదు. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర, మామిడి తోటల ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో కన్నడతో సమానంగా తెలుగు వినబడుతుంది. బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం ఈ తాలూకాలో 45 ఏళ్లు నిండినవారిని, మతి బాగున్న దశలోనే చేర్చుకుని, ఏళ్ల తరబడి గమనించే ‘సాన్‌స్కాగ్’ అనే అధ్యయనాన్ని నడుపుతోంది. పదివేల మందిని చేర్చుకోవాలన్నది లక్ష్యం. జబ్బు వచ్చాక ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కపెట్టడానికీ, రాకముందే ఊళ్లో మకాం వేసి వారి మెదడు, రక్తం, జీవనం ఎలా మారుతున్నాయో చూడటానికీ మధ్య చాలా దూరం ఉంది. రెండోదానికి గ్రామ పెద్దలు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ, అందరి తోడూ కావాలి. మామిడి కాపు కోత రోజుల్లో ఎవరూ పరీక్షకు రారని తెలియాలి. మెదడు స్కాన్ చేసే యంత్రం బెంగళూరులో ఉంటే, బండి ఏర్పాటు చేసి పొద్దున్నే తీసుకెళ్లి చీకటి పడేలోపు ఇంటి దగ్గర దింపాలి.

పల్లెలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ‘దీనివల్ల మాకేంటయ్యా?’ అది సరైన ప్రశ్న. పరిశోధన ఫలితం వచ్చేసరికి అడిగినవారు ఉండకపోవచ్చు. ఈలోపు బీపీ, షుగర్, రక్తహీనత బయటపడితే ఆ సంగతి వారికి తెలుగులో చెప్పి, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపడం కనీస బాధ్యత. నమూనాలు తీసుకుని మాయమైపోయిన బృందం తర్వాతి బృందానికి కూడా తలుపులు మూసేస్తుంది. ఆ రక్తనమూనాల వెనక ఒక మాట ఇచ్చిన మనిషి ఉన్నాడని పరిశోధకులు మరిచిపోకూడదు.

సముద్రం దాటిన తెలుగువారి పరిస్థితి మరోరకం. అమెరికా లెక్కల్లో చైనా, ఫిలిప్పీన్స్, భారత మూలాలవారందరూ తరచుగా ‘ఆసియన్’ అనే ఒక్క గడిలో పడతారు. ఆసియా మూలాలవారి అల్జీమర్స్ కోసం అక్కడ, కెనడాలో కలిపి మొదలుపెట్టిన పెద్ద అధ్యయనం తొలుత చైనా, కొరియా, వియత్నాం మూలాలవారితో మొదలైంది. కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉంటూ ఇంగ్లీషు అంతగా రాని అమ్మకు మతిమరుపు వస్తే, పరీక్ష గదిలో మనవరాలే దుభాషి. అమ్మమ్మ తడబడితే మనవరాలు ప్రేమతో సర్ది చెబుతుంది. ఆ సర్దుబాటు మార్కుల్లో కలిసిపోతుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తొందర పనైందంటే, రక్తపరీక్ష వచ్చేసింది. ఇన్నాళ్లూ మెదడులో అమైలాయిడ్ ఉందో లేదో తెలియాలంటే ఖరీదైన పెట్ స్కానో, వెన్నులోంచి నీరో తీయాల్సి వచ్చేది. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, రక్తంలోని పీ-టావ్217, అమైలాయిడ్ ప్రొటీన్ల నిష్పత్తిని కొలిచే పరీక్షకు అనుమతిచ్చింది. చవకైతే ఇలాంటి పరీక్షలు జిల్లా ఆసుపత్రి దాకా వస్తాయి. మంచి వార్తే. అయితే ఎంత దాటితే జబ్బు అనే గీతను ఎక్కడ గీయాలో నిర్ణయించేది ఇప్పటిదాకా పరిశోధనల్లో పాల్గొన్నవారి రక్తం. కిడ్నీలు సరిగా పనిచేయనివారి రక్తంలో పీ-టావ్ మోతాదు, అల్జీమర్స్ లేకపోయినా, పెరుగుతుందని ఇప్పటికే తేలింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఊరూరా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. ఎక్కడో గీసిన గీతతో అక్కడి పెద్దల రక్తాన్ని కొలిస్తే, లేని అల్జీమర్స్‌ను వారికి అంటగట్టే ప్రమాదం ఉంది. ఆ గీత ఉద్దానానికి ఎక్కడ పడాలో తెలియాలంటే కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్లలోని పెద్దలను, వారి కిడ్నీల స్థితితో సహా, ఆ పరీక్ష అక్కడికి చేరకముందే అధ్యయనంలో చేర్చుకోవాలి.